"ఇద్దరం మేజర్లమే, అయినా భయంగా ఉంది": విశాఖ నుంచి వచ్చిన ప్రశ్నకి ఒక లాయరు జవాబు

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు చెప్తాను, తప్పుంటే దిద్దండి. మీరు 24 ఏళ్ల అమ్మాయి, రుషికొండలో ఐటీ ఉద్యోగం, మధురవాడలో అద్దె ఇల్లు. ఏడాదిన్నరగా మీతో కలిసి ఉంటున్న అమ్మాయికి 22, ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు, సొంతూరు శ్రీకాకుళం జిల్లాలో. మీ సంగతి వాళ్లింట్లో తెలిసిపోయింది. సంక్రాంతికి వెళ్తే నాలుగు రోజులు ఫోన్ లాక్కున్నారు. ఇప్పుడు సంబంధం చూశామని, దానికి ముందు "డాక్టరుకి చూపిస్తామని" రమ్మంటున్నారు. అమ్మని చూడకుండా ఉండలేక తను వచ్చే శనివారం వెళ్తానంటోంది. ఇక ఆఫీసులో తెలిస్తే ఉద్యోగం ఉంటుందా అని మీకు టెన్షన్. చివర్లో ఒక్క వాక్యంలో మీ తమ్ముడి గురించి రాశారు: 17 ఏళ్లు, ఇంటర్ హాస్టల్, "తేడా" అని ఏడిపిస్తున్నారు, ఒకసారి వార్డెన్ చెయ్యి చేసుకున్నాడు. ఆ ఒక్క వాక్యం దగ్గరికి కూడా వస్తాను.

నేను విశాఖలో 23 ఏళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. ఇన్నేళ్లలో ఇలాంటి కేసుల్లో నాకు తెలిసొచ్చింది ఒకటే. మేజరైన మనిషి జడ్జి ముందు నిలబడి "నేను ఫలానా వాళ్లతో ఉంటాను" అని చెప్పిన రోజున ఆ మాటని కాదనే అధికారం తల్లిదండ్రులకీ లేదు, పోలీసులకీ లేదు. కానీ ఆ మాట చెప్పే చోటికి మనిషిని రానివ్వకుండా చేస్తారు. గదిలో పెడతారు, ఫోన్ తీసేసుకుంటారు, ఆసుపత్రిలో చేరుస్తారు, హడావిడిగా తాళి కట్టించేస్తారు. అందుకే ఆ మాటని ముందే కాగితం మీద పెట్టి, నలుగురి దగ్గర ఉంచాలి. నేను చెప్పబోయేదంతా ఆ కాగితాల గురించే.

మొదట భయం తగ్గించే సంగతి. మీరు కలిసి ఉండటం నేరం కాదు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం, ఇష్టపూర్వకంగా కలిసి ఉండే పెద్దవాళ్లకి, స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన ఐపీసీ 377 సెక్షన్ వర్తించదని తీర్పు ఇచ్చింది. 2024 జూలై 1న ఐపీసీ స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షనే లేదు. "మీ మీద కేసు పెట్టి లోపలేయిస్తాం" అని ఎవరైనా అంటే, మీరు కలిసి ఉంటున్నారన్న ఒక్క కారణంతో పెట్టడానికి కేసంటూ ఏమీ లేదు. "మా అమ్మాయిని కిడ్నాప్ చేసింది" అనే ఫిర్యాదు కూడా 22 ఏళ్ల మనిషి విషయంలో ఆమె స్టేట్‌మెంట్ ముందు నిలవదు.

మన పక్కనే జరిగిన కేసు ఒకటి చెప్తాను. 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకి విజయవాడ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. తనతో ఏడాదిగా కలిసి ఉంటున్న అమ్మాయిని ఆమె తండ్రి నర్సీపట్నంలోని ఇంట్లో నిర్బంధించాడని హెబియస్ కార్పస్, అంటే నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందుకి తెప్పించమనే పిటిషన్, వేసింది. డివిజన్ బెంచ్ ఆ అమ్మాయిని పిలిపించి అడిగింది, ఆమె తన తోడుతోనే ఉంటానంది. ఆమె మేజరు, తన జీవితం గురించి తనే నిర్ణయించుకోగలదు, కన్నవాళ్లు అడ్డు రాకూడదని కోర్టు చెప్పింది. నర్సీపట్నం అంటే మనకి మూడు గంటల దారి కూడా లేదు. ఢిల్లీలోనో ముంబైలోనో ఉన్నవాళ్లకే ఇలాంటి న్యాయం దొరుకుతుందనుకునే వాళ్లకి నేను ఈ కేసే చెప్తాను.

అదే ఏడాది మార్చి 11న సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో ఇలాంటి పిటిషన్లు ఎలా వినాలో హైకోర్టులన్నిటికీ చెప్పింది. వాయిదాలు వేసి సాగదీయకూడదు. పిటిషన్ వేసిన స్నేహితురాలికీ, నిర్బంధంలో ఉన్న మనిషికీ సంబంధం ఏమిటని తవ్వకూడదు. ఆ మనిషితో ఇంటివాళ్లు పక్కన లేకుండా, ఛాంబర్‌లో విడిగా మాట్లాడాలి. అన్నిటికంటే ముఖ్యంగా, కౌన్సెలింగ్ పేరుతో ఆమె మనసు మార్చే ప్రయత్నం కోర్టు చేయకూడదు. అంతకుముందు ఈ "కౌన్సెలింగ్" వల్ల ఎన్ని జంటలు విడిపోయాయో మా వృత్తిలో ఉన్నవాళ్లకి తెలుసు. నేను కొత్తగా వచ్చిన రోజుల్లో ఒక స్టేషన్లో ఇద్దరమ్మాయిలని రాత్రి తొమ్మిదింటి దాకా కూర్చోబెట్టి, వచ్చినవాళ్లంతా నీతులు చెప్పి, చివరికి ఒకమ్మాయిని మేనమామ చేతిలో పెట్టి పంపేశారు. నేను అక్కడే ఉన్నాను, ఆపలేకపోయాను. ఆ అమ్మాయి వెనక్కి తిరిగి చూసిన చూపు నాకింకా గుర్తుంది.

ఇప్పుడు మీరు చేయాల్సిన మొదటి కాగితం. మీ తోడు తన చేతిరాతతో ఒక ఉత్తరం రాయాలి, తెలుగులోనే. తన పేరు, పుట్టిన తేదీ, ఉద్యోగం, ఉంటున్న చిరునామా. తను మేజరని, ఎవరి బలవంతం లేకుండా ఇష్టంతో మీతో ఉంటోందని, పెళ్లి ఇష్టం లేదని. ఫలానా తేదీన ఊరు వెళ్తున్నానని, ఫలానా తేదీకి తిరిగి రాకపోయినా, ఫోన్‌కి దొరక్కపోయినా తనని నిర్బంధించినట్టే భావించాలని. ప్రతి పేజీ కింద సంతకం, తేదీ. ఇదే విషయం చదువుతూ ఫోన్లో ఒక వీడియో కూడా తీయండి. ఉత్తరం కాపీలు విశాఖ పోలీసు కమిషనర్‌కీ, శ్రీకాకుళం ఎస్పీకీ స్పీడ్ పోస్టులో పంపి రసీదులు దాచండి. ఒక కాపీ మీ లాయరు దగ్గర ఉండాలి. రేపు వాళ్ల నాన్నగారు స్టేషన్లో మిస్సింగ్ కేసు పెట్టినా, ఈ ఉత్తరం అప్పటికే ఫైల్లో ఉంటే కథ వేరేలా నడుస్తుంది. స్టేట్‌మెంట్ కోసం సాక్షిగా ఆడవాళ్లని స్టేషన్‌కి రమ్మని ఒత్తిడి చేయకూడదు, ఉంటున్న చోటికే వచ్చి తీసుకోవాలి. పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 179 సెక్షన్ ఆ మాట చెప్తుంది.

వయసు రుజువుకి టెన్త్ సర్టిఫికెట్ కావాలి. ఆధార్ ఒక్కటే సరిపోతుందనుకుంటారు, కానీ ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని సుప్రీంకోర్టే 2024లో చెప్పింది.

రెండో కాగితం "డాక్టరుకి చూపిస్తాం" అన్న మాట కోసం. మీ ప్రశ్నలో నన్ను ఎక్కువ కంగారు పెట్టింది అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే స్వలింగ ఆకర్షణని జబ్బుల జాబితాలోంచి తీసేసింది. దీన్ని "మార్చే" వైద్యం చేయడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ రాష్ట్రాల మెడికల్ కౌన్సిళ్లకి రాసింది. మద్రాస్ హైకోర్టు ఆదేశాల వల్ల వచ్చిన మార్పు అది. కాబట్టి అలాంటి వైద్యం చేసిన డాక్టరు మీద కౌన్సిల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. కానీ ఫిర్యాదు జరిగిపోయాక పనికొచ్చేది. జరగకుండా ఆపేది వేరే ఉంది.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 14 సెక్షన్ కింద, మైనరు కాని ఎవరైనా తనకి ఒక "నామినేటెడ్ రిప్రజెంటేటివ్"ని, అంటే తన తరఫున మాట్లాడే ప్రతినిధిని ఎంచుకోవచ్చు. బంధువే కానక్కర్లేదు. స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం మీద రాసి సంతకం పెడితే చాలు. ఎందుకింత ముఖ్యమంటే, ఒక మనిషిని తన ఇష్టం లేకుండా మానసిక వైద్యశాలలో చేర్చాలంటే 89 సెక్షన్ ప్రకారం ఆ ప్రతినిధే దరఖాస్తు పెట్టాలి. ఎవరినీ నియమించకపోతే ఆ స్థానం బంధువులకి పోతుంది. మీ తోడు ఈ కాగితం మీ పేరున రాసిపెడితే, చట్టప్రకారం తన తరఫున మాట్లాడే మనిషి మీరవుతారు. ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, ఆడవాళ్లని చేర్చుకుంటే మూడు రోజుల్లోగా మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డుకి తెలపాలి. ఈ సెక్షన్ల జిరాక్స్ ఆ కాగితం వెనకే పిన్ చేసి పెట్టండి. ఆసుపత్రి మెట్ల మీద నిలబడి వాదించాల్సి వస్తే అది మీ చేతిలో ఉండాలి. ఈ వెసులుబాటు గురించి మా లాయర్లలోనే చాలామందికి తెలియదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

కొట్టినా, గదిలో పెట్టినా గృహహింస చట్టం కూతురికి కూడా వర్తిస్తుంది. భర్త మీదే కేసు వేయాలని లేదు. తండ్రి మీదా అన్న మీదా మేజిస్ట్రేట్ దగ్గర రక్షణ ఉత్తర్వు అడగొచ్చు. నిర్బంధం విడిగా నేరమే. ఎస్ఐ "మా పరిధి కాదు" అంటే జీరో ఎఫ్ఐఆర్ అడగండి, ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా నమోదు చేయాలి. అప్పటికీ తీసుకోకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపాలి, తర్వాత మేజిస్ట్రేట్.

ఇక మీ ఇద్దరి పెళ్లి సంగతి. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు స్వలింగ జంటలకి పెళ్లి హక్కు ఉందని చెప్పలేదు, అది పార్లమెంటు చూసుకోవాల్సిన పని అంది. రివ్యూ పిటిషన్లని 2025 జనవరిలో కొట్టేసింది. ఇది చేదుగా ఉంటుంది, నాకూ ఉంది. ఎవరైనా నోటరీ దగ్గర "మ్యారేజ్ అగ్రిమెంట్" చేయిస్తామని పది వేలు అడిగితే ఇవ్వొద్దమ్మా, ఆ కాగితానికి విలువ లేదు. అదే తీర్పులో అందరు జడ్జీలూ ఒప్పుకున్న సంగతి ఇంకోటుంది: ట్రాన్స్‌జెండర్ వ్యక్తి ఆడ, మగ సంబంధంలో ఉంటే ఇప్పుడున్న చట్టాల కిందే పెళ్లి చేసుకోవచ్చు. 2025 జూన్‌లో మన హైకోర్టు కూడా అలా పెళ్లయిన ట్రాన్స్ మహిళని మహిళగానే చూడాలని, భర్త ఇంట్లో వేధింపులు ఉంటే 498ఏ కింద ఫిర్యాదు చేసే హక్కు ఆమెకీ ఉందని చెప్పింది.

పెళ్లి లేకపోతే ఏం పోతుందో నాకు ఒక ఐసీయూ బయట అర్థమైంది. హైవే మీద యాక్సిడెంట్. లోపల ఉన్నతనితో ఆరేళ్లుగా కలిసి ఉన్న అబ్బాయి బయట నిలబడ్డాడు. "మీరేమవుతారు?" అని అడిగారు. "ఫ్రెండ్‌ని" అన్నాడు. బంధువులు వచ్చేదాకా ఆగమన్నారు. బంధువులు వచ్చాక అతన్ని లోపలికి రానివ్వలేదు. మూడో రోజు అతను నాకు ఫోన్ చేసి, "మేడమ్, ఏ కాగితం ఉంటే నన్ను లోపలికి పంపేవాళ్లు?" అని అడిగాడు. అప్పటికి ఆలస్యమైపోయింది.

ఆ కాగితం పేరు ముందస్తు వైద్య ఆదేశం, లివింగ్ విల్ అంటారు. ప్రాణాపాయ స్థితిలో, తను మాట్లాడలేనప్పుడు వైద్యం గురించి ఎవరు నిర్ణయించాలో ముందే పేరు రాసిపెట్టడం. 2023లో సుప్రీంకోర్టు దీన్ని తేలిక చేసింది, ఇద్దరు సాక్షులతో నోటరీ ముందుగానీ గెజిటెడ్ ఆఫీసర్ ముందుగానీ చేస్తే చాలు. మీరిద్దరూ ఒకరి పేరున ఒకరు రాసుకోండి. బ్యాంకులో జాయింట్ ఖాతా తెరవడానికీ, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికీ అడ్డేమీ లేదని కేంద్ర ఆర్థిక శాఖ 2024 ఆగస్టు 28న స్పష్టం చేసింది. బ్యాంకువాళ్లు వింతగా చూస్తే ఆ లేఖ ప్రింటు ముందు పెట్టండి. రేషన్ కార్డు విషయంలో కూడా ఇలాంటి జంటల్ని ఒకే కుటుంబంగా చూడాలని కేంద్రం రాష్ట్రాలకి చెప్పింది.

పీఎఫ్ దగ్గర మాత్రం చిక్కు ఉంది. ఆ స్కీములో "కుటుంబం" అంటే ఎవరో రాసుంది, అందులో ఎవరైనా ఉంటే బయటివాళ్లని నామినీగా పెట్టడం చెల్లదు. మిగతా ఆస్తికి మాత్రం వీలునామా రాయండి. ఈ వయసులో వీలునామా ఏంటి అనుకోవద్దు. అది లేకపోతే మీరు కూడబెట్టింది మొత్తం పుట్టింటికి పోతుంది, ఇన్నేళ్లు పక్కనున్న మనిషికి ఒక్క రూపాయి రాదు. ఇద్దరు సాక్షుల సంతకాలు చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదుగానీ చేయిస్తే తర్వాత "దొంగ సంతకం" అనడం కష్టమవుతుంది. ఇంటి అద్దె అగ్రిమెంటు ఇద్దరి పేర్ల మీదా ఉండాలి.

ఇక ఉద్యోగం. నిజం చెప్పాలి. ప్రైవేటు కంపెనీ ఒక మనిషిని లెస్బియన్ అనో గే అనో తీసేయకూడదని ప్రత్యేకంగా చెప్పే చట్టం మన దేశంలో లేదు. ప్రభుత్వ ఉద్యోగానికి రాజ్యాంగ రక్షణ నేరుగా ఉంది. 2021లో అలహాబాద్ హైకోర్టు, స్వలింగ సంబంధం కారణంగా తీసేసిన ఒక హోంగార్డుని తిరిగి తీసుకోమంది. మీ దగ్గర పనికొచ్చేది మీ కంపెనీ సొంత పాలసీయే. వివక్ష చూపం అని హ్యాండ్‌బుక్‌లో రాసుంటే ఆ పేజీ, మీ అపాయింట్‌మెంట్ లెటరు, అప్రైజల్ మెయిళ్లు సొంత మెయిల్‌లో దాచుకోండి. పని బాగుందని వాళ్లే రాసిన మెయిలు ఉంటే రేపు "పర్ఫార్మెన్స్ బాలేదు" అనే సాకు నిలవదు. ఆఫీసులో ఎవరైనా అసభ్యంగా మాట్లాడినా, ఫొటోలు పంపుతామని బెదిరించినా పనిచేసే చోట లైంగిక వేధింపుల్ని అరికట్టే పాష్ చట్టం కింద ఇంటర్నల్ కమిటీకి మూడు నెలల్లోగా రాయాలి. వేధించింది ఆడమనిషైనా ఫిర్యాదు చెల్లుతుందని కలకత్తా హైకోర్టు 2020లో చెప్పింది. ఆన్‌లైన్లో డబ్బుల కోసం బెదిరిస్తే ఒక్క రూపాయి పంపకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి. ఒకసారి ఇచ్చినవాళ్లని వాళ్లు వదలరు.

ట్రాన్స్‌జెండర్ ఉద్యోగులకి మాత్రం 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం ప్రైవేటులో కూడా వర్తిస్తుంది. ప్రతి సంస్థలో ఫిర్యాదుల అధికారి ఉండాలి. 2017లో ఇక్కడే, తూర్పు నౌకాదళంలో, లింగమార్పిడి శస్త్రచికిత్స చేయించుకున్న ఒక నావికురాలిని సర్వీసు నుంచి పంపేశారు. అప్పటికి ఈ చట్టం లేదు. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు, రెండు స్కూళ్లలో ఉద్యోగం పోయిన ఒక ట్రాన్స్ టీచరుకి నష్టపరిహారం ఇప్పించింది. ట్రాన్స్‌జెండర్ గుర్తింపు సర్టిఫికెట్ కావలసినవాళ్లు కలెక్టరేట్‌కి వెళ్లే రోజున అమల్లో ఉన్న రూల్స్ చూసుకుని అప్లై చేయండి, ఎందుకంటే ఈ చట్టం మీద మార్పులు, కేసులు నడుస్తూనే ఉంటాయి.

మీ తమ్ముడు. అతను ఎవరన్నది అతనే ఇంకా చెప్పలేదు, మీరూ అడిగి ఒత్తిడి చేయకండి. అక్క తన వైపు ఉందని తెలిస్తే చాలు. వాడిని కొట్టిన వార్డెన్ మాత్రం జవాబు చెప్పాలి. సంరక్షణలో ఉన్న పిల్లల్ని హింసించడం జువెనైల్ జస్టిస్ చట్టం 75 సెక్షన్ కింద నేరం, మూడేళ్ల దాకా జైలు ఉంది, పిల్లల సంరక్షణ అప్పగించిన సంస్థలో ఉద్యోగే చేస్తే ఐదేళ్ల దాకా. తోటి పిల్లలు ఏడిపించడం 1997 నాటి మన రాష్ట్ర ర్యాగింగ్ నిషేధ చట్టం కిందికి వస్తుంది. ఫిర్యాదు అందాక కూడా ప్రిన్సిపాల్ ఊరుకుంటే ఆయన కూడా నేరానికి తోడ్పడినట్టే. అందుకే ఫిర్యాదు నోటితో చెప్పకండి, రాసివ్వండి, కాపీ మీద సీలు వేయించుకోండి. ముందు మీ అమ్మానాన్నలతో రాయించడం మంచిది, వాళ్లు రాయకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, చైల్డ్ వెల్ఫేర్ కమిటీ చూస్తుంది. వచ్చే ఏడాది డిగ్రీలో చేరితే యూజీసీ ర్యాగింగ్ నిబంధనల్లో లైంగిక ధోరణి పేరుతో వేధించడం కూడా ర్యాగింగే అని 2016 నుంచీ స్పష్టంగా ఉంది. హెల్ప్‌లైన్ 1800-180-5522.

ఒక జాగ్రత్త. వాడి మీద ప్రేమతో ఇంట్లో చెప్పకుండా మీ దగ్గరికి తెచ్చేసుకోకండి. 18 నిండని పిల్లల్ని సంరక్షకుల అనుమతి లేకుండా తీసుకెళ్తే కిడ్నాప్ కేసు అవుతుంది, పైగా మీ సంగతి కూడా అందులోకి లాగుతారు. వాడికి ఎవరితోనైనా స్నేహం ఉంటే, 18 లోపు పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన పోక్సో చట్టం అమ్మాయిలకీ అబ్బాయిలకీ ఒకేలా వర్తిస్తుందని, ఇష్టంతోనే అన్న మాట అక్కడ చెల్లదని మెల్లగా చెప్పండి.

ఫీజు ఇచ్చుకోలేనని ఆగకండి. జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఆడవాళ్లకీ పిల్లలకీ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరుని ఇస్తారు, ఫోన్ నంబరు 15100. హెబియస్ కార్పస్ వేయాల్సి వస్తే అమరావతిలోని హైకోర్టుకి వెళ్లాలి. దానికి లోపలున్న మనిషి సంతకం అక్కర్లేదు, మీ అఫిడవిట్ చాలు.

ఇప్పుడు శనివారం. వెళ్లొద్దని నేను చెప్పను, అమ్మని చూడాలనుకునే బిడ్డని ఆపే హక్కు నాకు లేదు. వీలైతే వాళ్లమ్మగారినే విశాఖ రమ్మని అడగమనండి, ఆర్కే బీచ్‌లోనో సింహాచలంలోనో కలవొచ్చు. వెళ్లక తప్పదంటే ఉత్తరం శుక్రవారం లోపు పోస్టులో పడాలి. టెన్త్ సర్టిఫికెట్, నర్సింగ్ సర్టిఫికెట్, పాన్, ఏటీఎం కార్డు ఒరిజినల్స్ ఏవీ ఊరికి తీసుకెళ్లొద్దు, మీ దగ్గర కూడా కాదు, నమ్మకమైన మూడో మనిషి దగ్గర పెట్టండి. రోజుకి రెండుసార్లు ఫోన్ చేసే టైము అనుకోండి. రెండు కాల్స్ వరసగా తప్పితే ఎదురుచూడకుండా 112కి చేసి, ఆ ఉత్తరం కాపీ, స్పీడ్ పోస్టు రసీదులు పట్టుకుని ఏ వేళైనా లాయరు దగ్గరికి వెళ్లండి. తిరుగు టికెట్ ముందే తీసి, ఉత్తరంలో ఆ రైలు పేరు కూడా రాయించండి.